మన ఊళ్లకు చేరిన విదేశీ నాణేలు: దేశం వారీగా రాయాలా, వచ్చిన దారి వారీగా రాయాలా?

వంశధార గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్లలో, ట్రంకు పెట్టెల్లో, దేవుడి గూట్లో ఉండిపోయిన విదేశీ నాణేల గురించి వివరంగా రాసి పెడదామని మొదలుపెట్టాను. నా దగ్గరున్నవి కొన్ని, తెలిసినవాళ్లు చూపించినవి కొన్ని. మొదటి పేజీ దగ్గరే ఒక విషయం తేలడం లేదు. అందరూ చేసేట్టు దేశాల వారీగా పేర్చాలా, లేక అవి మన ఊరికి ఏ దారిన వచ్చాయో ఆ దారి వారీగా పేర్చాలా?

నా మనసు రెండోదాని మీదే ఉంది. పెద్ద నగరంలో ఒకాయన దగ్గర కువైట్ నాణెం ఉందంటే కొనుక్కుని ఉండొచ్చు. మన సోంపేటలోనో గారలోనో ఒకరింట్లో ఉందంటే మాత్రం, చాలావరకు ఆ ఇంటి మనిషి అక్కడ పనిచేసి జేబులో వేసుకొచ్చిందే. మన వైపు విదేశీ నాణేలు వలసతో వచ్చాయి. మొదట రంగం (బర్మాలోని రంగూన్), తర్వాత గల్ఫ్, ఇప్పుడు ఓడలు, సింగపూర్.

ఇవి కాక ఇంకో దారి ఉంది. అది మనవాళ్లు వెళ్లి తెచ్చింది కాదు, పైవాళ్లే తెచ్చి మన చేతిలో పెట్టింది. నా దగ్గరున్న రాగి నాణెం ఒకటి చెప్తాను. ఒకవైపు సింహాలు పట్టుకున్న డాలు. రెండోవైపు గుండె ఆకారం, దాన్ని గళ్లుగా కోసి కంపెనీ పొడి అక్షరాలు, సంవత్సరం 1794. రూపాయికి నలభై ఎనిమిది అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో, మాథ్యూ బోల్టన్ టంకశాలలో ఆవిరి యంత్రాల మీద కొట్టించి ఓడల్లో పంపిన నాణెం అది. ఆ సర్కారుల్లో ఒకటైన చికాకోల్, అంటే శ్రీకాకుళం, మనమే కదా. ఎక్కడో బర్మింగ్‌హామ్‌లో తయారై నేరుగా మన సంతలకు వచ్చిన బిళ్ల. దీన్ని ఇంగ్లండు పేజీలో పెట్టాలా, భారతదేశం పేజీలో పెట్టాలా చెప్పండి?

---

గంటస్తంభం (విజయనగరం)

మాస్టారూ, మంచి పని తలపెట్టారు. కానీ నేను దేశం వారీగానే అంటాను.

దారి అనేది ఇంట్లోవాళ్లు చెప్పే మాట మీద ఆధారపడుతుంది. ముత్తాత తెచ్చాడంటారు, తీరా చూస్తే నాణెం మీద సంవత్సరం ఆయన పోయిన తర్వాతది ఉంటుంది. నాణెం మాత్రం తన సంగతి తానే చెప్తుంది: లోహం, బరువు, కొలత, అంచు, టంకశాల గుర్తు. ముందు అవి రాయండి. మీ కథ నమ్మనివాడికి కూడా ఆ ముక్కలు పనికొస్తాయి.

1835 నుంచి వచ్చిన బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. వాడకంలో అరిగి కాస్త తగ్గొచ్చు గానీ పెరగడానికి వీల్లేదు. కంసాలి దగ్గరుండే చిన్న డిజిటల్ కాటా చాలు. అయస్కాంతం పెడితే వెండి అంటుకోదు. 1947 నాటి పులిబొమ్మ రూపాయి అంటుకుంటుంది, అది నికెల్. 1940 తర్వాత వచ్చిన వెండి రూపాయల్లో వెండి సగమే. ఇలాంటివి నలుగురికీ తెలియాలి.

మన దేశపు నాణేల్లో టంకశాల గుర్తు తేదీ కింద చూడండి. నక్షత్రం హైదరాబాద్, వజ్రం ముంబై, చుక్క నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. పిల్లలకు అలవాటు చేయడానికి ఇంతకంటే మంచి మొదలు లేదు.

భీమిలి వైపు నుంచి మా ఇంటికి చేరిన డచ్చి రాగి బిళ్ల ఒకటుంది. పెద్ద వి అక్షరం, దాని రెండు కొమ్మల మీద ఓ, సి అల్లుకుని ఉంటాయి. అది డచ్చి కంపెనీ గుర్తు. వెనకవైపు డాలును బట్టి ఏ రాష్ట్రం కొట్టించిందో తెలుస్తుంది. కిరీటం కింద డాలులో నిలబడ్డ సింహం ఉంటే హాలండ్. అలల్లోంచి పైకి లేస్తున్న సింహమైతే జీలాండ్. భీమిలి 1825 దాకా డచ్చివాళ్ల చేతిలో ఉంది కాబట్టి ఇది ఇక్కడ దొరకడం వింత కాదు. నేను దీన్ని నెదర్లాండ్స్ పేజీలో పెట్టాను, ఏ ఇబ్బందీ రాలేదు.

---

రంగం మనవరాలు (కళింగపట్నం)

గంటస్తంభం గారూ, ఇబ్బంది ఎక్కడ వస్తుందో మా ఇంటి పెట్టె చూస్తే తెలుస్తుంది.

మా ముత్తాత రంగంలో బియ్యం మిల్లులో పనిచేశాడు. ఆయన తెచ్చిన మూట మా అమ్మమ్మ దాచింది. అందులో బర్మా నాణేలు ఉంటాయని విప్పితే దాదాపు అన్నీ మన జార్జి రాజు బొమ్మున్న రూపాయలు, అర్ధరూపాయలు, బేడలు, అణా బిళ్లలే. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో భాగం, అక్కడ నడిచింది మన రూపాయే. 1937 ఏప్రిల్ 1న బర్మాను విడదీశాక కూడా కొంతకాలం మన నోట్ల మీదే, బర్మాలో మాత్రమే చెల్లుతుందని అదనంగా అచ్చేసి వాడారు.

మీ పద్ధతిలో ఇవన్నీ భారతదేశం పేజీకి వెళ్లిపోతాయి. రంగంలో జీతంగా పుచ్చుకుని, బంగాళాఖాతం దాటి వచ్చిన రూపాయికీ, ఇక్కడ నరసన్నపేట సంతలో తిరిగిన రూపాయికీ తేడా కనిపించదు. బరువు రెండింటికీ ఒకటే.

ఆ మూటలో నాణేల కింద మడత పెట్టిన నోట్లు కూడా ఉన్నాయి. జపాను ప్రభుత్వం అని ఇంగ్లీషులో, విలువ రూపాయల్లో. 1942లో బర్మాను ఆక్రమించాక జపాను సైన్యం అచ్చేసిన నోట్లవి. మలయాకు వేరు, ఫిలిప్పీన్స్‌కు వేరు. బర్మాకు అచ్చేసిన వాటి మీద బి అక్షరం ఉంటుంది, మా వాటి మీదా ఉంది. యుద్ధం అయ్యాక వాటికి చిల్లిగవ్వ విలువ లేదు. మా ముత్తాతకు అన్న ఉండేవాడు, ఆయన జపాను వాళ్లు వచ్చినప్పుడు బర్మా నుంచి నడిచి వచ్చేసినవాళ్లలో ఉన్నాడు, ముత్తాత మాత్రం అక్కడే ఉండిపోయి యుద్ధం తర్వాత వచ్చాడు. ఈ నోట్లు అందుకే మా ఇంట్లో ఉన్నాయి. ఇది రాయకుండా జపాను అని ఒక శీర్షిక పెట్టి ఊరుకుంటే ఏం తెలుస్తుంది?

ఇంకొకటి, పురి విప్పిన నెమలి ఉన్న వెండి బిళ్ల. మెళ్లో వేసుకోవడానికి పైన కొక్కెం అతికించి ఉంది. అది బర్మా రాజుల కాలంది అంటారు, నిజమేనా?

---

గంటస్తంభం (విజయనగరం)

అమ్మా, నిజమే. బర్మా రాజు మిండన్ కొట్టించిన క్యాట్ అనే వెండి నాణెం అది. దాని మీద బర్మా శకం 1214 ఉంటుంది. 638 కలిపితే 1852 వస్తుంది. బ్రిటిష్‌వాళ్లు 1885లో మాండలే పట్టుకున్న తర్వాత ఆ నాణేల చలామణీ పోయింది. అంటే మీ ముత్తాత జీతంగా అందుకున్నది కాదు, ఎక్కడో కొని మెళ్లో వేయించి ఉంటారు. కొక్కెం పెట్టారు కాబట్టి సేకర్తలు ధర తగ్గిస్తారు, దయచేసి దాన్ని ఊడదీయించకండి. ఊడదీస్తే మచ్చ మిగులుతుంది, మీ ఇంటి గుర్తూ పోతుంది.

జార్జి రూపాయల మాట మాత్రం నా వాదానికి గట్టి దెబ్బే. ఆలోచించాలి.

ఆ అణా బిళ్లల్లో అలలు అలలుగా అంచు ఉన్నవి ఉంటే భూతద్దం పెట్టి చూడండి. ఉర్దూ, నాగరి, బెంగాలీతో పాటు తెలుగులో కూడా అణా అని రాసి ఉంటుంది. రంగంలో బియ్యం బస్తా మోసినవాడు, అక్షరం వస్తే, తన కూలీని తన లిపిలో చదువుకోగలిగాడు. నాకు ఇది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

---

ఎడారి గాలి (ప్రస్తుతం కువైట్, సొంతూరు టెక్కలి దగ్గర)

నేను మాస్టారి వైపు. రంగం కథే ఇక్కడ కూడా జరిగింది.

ఇక్కడ నా పాత యజమాని తండ్రికి రూపాయల లెక్క బాగా తెలుసు. మనోళ్లు గల్ఫ్‌కి రాకముందే మన రూపాయి ఇక్కడికొచ్చింది. కువైట్, బహ్రెయిన్, ఖతర్, ఇప్పటి ఎమిరేట్స్, ఒమన్ అన్నిచోట్లా మన రూపాయే చెల్లేది. ఇక్కడి రూపాయలతో బంగారం కొని మన దేశంలోకి దొంగతనంగా చేరవేస్తున్నారని, 1959లో రిజర్వ్ బ్యాంక్ ఈ ప్రాంతానికే వేరే రంగులో నోట్లు అచ్చేసింది. వరస నంబరు ముందు జెడ్ అక్షరం ఉంటుంది. నాణేలు మాత్రం వేరేగా కొట్టలేదు, మన పైసలే నడిచాయి. కువైట్ 1961లో సొంత దినార్ తెచ్చుకుంది. బహ్రెయిన్ 1965లో. 1966లో మన రూపాయి విలువ తగ్గించేసరికి మిగతావాళ్లూ ఒక్కొక్కరే వదిలేశారు. ఒమన్‌లో చిన్న నాణేన్ని ఇప్పటికీ బైసా అంటారు, వెయ్యి బైసాలు ఒక రియాల్.

కాబట్టి టెక్కలిలో ఎవరింట్లోనైనా జెడ్ నోటు కనిపిస్తే దాన్ని ఇండియా పేజీలో పెట్టకండి. ఆ ఇంట్లో అరవైల్లోనే గల్ఫ్ చూసినవాడు ఉన్నాడేమో అడగండి.

కువైట్ ఫిల్స్ నాణేల మీద తెరచాప ఓడ ఉంటుంది. గల్ఫ్‌లో ముత్యాల కోసం, సరుకుతో మన దేశపు పడమటి తీరందాకా తిరిగిన ఓడల జాతి అది. ఎమిరేట్స్ దిర్హమ్ మీద కాఫీ కూజా. సెలవుకి వచ్చినప్పుడు పిల్లలకు ఇవే ఇస్తాను.

---

నడిసముద్రం (సోంపేట, ఓడ ఉద్యోగం)

ఓడ మీద నుంచి రాస్తున్నాను, నెట్ దొరికినప్పుడే.

మా ఉద్దానం వైపు ఓడల్లో పనిచేసే కుర్రాళ్లు ఎక్కువ. మా సంగతి దేశం లెక్కలోకి అసలు రాదు. పనామా కాలువ దాటాను కానీ పనామా నేల మీద అడుగు పెట్టలేదు. కాలువ దగ్గర తాళ్లు పట్టడానికి ఓడెక్కే మనిషి దగ్గర చిల్లర మార్చుకున్నాను. పనామాకు సొంత నాణేలున్నాయి, మామూలు వాడకానికి సొంత నోట్లు లేవు, అమెరికా డాలరే నోటు. వాళ్ల డబ్బు పేరు బాల్బోవా, పావు బాల్బోవా నాణెం అమెరికా పావు డాలరంతే ఉంటుంది, రెండూ కలిసే తిరుగుతాయి. సూయజ్‌లో దొరికిన ఈజిప్టు పౌండు మీద టుటన్‌ఖామున్ ముఖం, రెండు లోహాల నాణెం.

వీటి పక్కన నేను ఓడ రకం, ఎక్కిన రేవు, దిగిన రేవు, ఎవరిచ్చారు అని రాస్తాను. దేశం పేరు ఎలాగూ నాణెం మీదే ఉంటుంది కదా మాస్టారూ, నాణెం మీద లేనిదే మనం రాయాలి.

జపాను నాణేల గురించి ఒక మాట. అయిదు యెన్ల నాణేనికి మధ్యలో చిల్లు ఉంటుంది, మన చిల్లు కాణీ చూసినవాళ్లకి వెంటనే నచ్చుతుంది. దాని మీద వరికంకి, చుట్టూ పళ్లచక్రం, కింద నీళ్ల గీతలు. మనకు తెలిసిన అంకె ఒక్కటీ ఉండదు, అంతా వాళ్ల లిపే. సంవత్సరం రాజుగారి పాలన లెక్కలో ఉంటుంది. షోవా అయితే 1925 కలపాలి, హేసే అయితే 1988, రేవా అయితే 2018. షోవా 45 అంటే 1970.

---

పాలకొండ కుర్రాడు

అన్నలకి, అక్కలకి నమస్కారం. నేను కొత్త. నా దగ్గర వైష్ణోదేవి అమ్మవారి బొమ్మున్న అయిదు రూపాయల బిళ్ల ఉంది. వీడియోలో లక్షలొస్తాయని సెప్పారు. ఫోన్ చేస్తే ముందు జీఎస్టీ కట్టమంటున్నారు, రిజర్వ్ బ్యాంక్ కాగితం కూడా పంపారు. కట్టీమంటారా? ఇంకోటి, తిరునాళ్లలో కొన్న రాముడి పట్టాభిషేకం బిళ్ల, ఈస్టిండియా కంపెనీ, అర్ధణా, 1818 అని ఉంది. అది ఎంత సేస్తాది?

---

గంటస్తంభం (విజయనగరం)

తమ్ముడూ, ఒక్క రూపాయి కూడా కట్టకు. ఆ నంబరు ఆపేసెయ్. పాత నాణేల కొనుగోళ్లకు తాము ఎలాంటి రుసుమూ, కమీషనూ అడగమని, తమ పేరుతో ఎవరికీ అనుమతి ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో ప్రకటనే ఇచ్చింది. నీకొచ్చిన కాగితం దొంగది. ఇప్పటికే కట్టినవాళ్లెవరైనా ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమను.

వైష్ణోదేవి బిళ్లలు ఆలయ బోర్డు పాతికేళ్ల సందర్భంగా వచ్చినవి, లెక్కలేనన్ని కొట్టారు. దాచుకో, అందంగా ఉంటుంది.

రాముడి బిళ్ల నాణెమే కాదు. 1818 అర్ధణా అనేది కంపెనీ ఎప్పుడూ కొట్టలేదు, ఇవన్నీ తర్వాత ఎవరో అమ్మకానికి చేసినవి. కంపెనీ అసలు దేవుడి బొమ్మే వేయలేదని మాత్రం అనుకోకు. మద్రాసులో అది కొట్టించిన పగోడాలు అనే నాణేల మీద విష్ణుమూర్తి ఉన్నాడు. వెండి పావు పగోడా మీద ఒకవైపు గుడి గోపురం, రెండోవైపు స్వామి, చుట్టూ తమిళం, తెలుగు అక్షరాలు. ఆ అసలుది ఒకసారి చూస్తే ఈ నకిలీ ఎంత మొరటుగా ఉందో కన్నే చెప్తుంది.

---

పాలకొండ కుర్రాడు

బతికించారన్నా. మా సిన్నాన్న సౌదీ నుంచి తెచ్చినవి కూడా ఉన్నాయి. నల్లగా ఉన్నాయి, అమ్మ చింతపండుతో తోమి ఇస్తానంటోంది.

---

రంగం మనవరాలు (కళింగపట్నం)

అమ్మకు నచ్చజెప్పు బాబూ, తోమొద్దు. చింతపండు, నిమ్మకాయ, బూడిద, ఇత్తడి సామాను పొడి ఏదీ వద్దు. పులుపు పైపొరను తినేస్తుంది. గీతలు పడితే తిరిగి రావు. వందేళ్లలో రాగి మీద పట్టిన గోధుమరంగు పొర దానికి కాపుదల. మట్టి ఉంటే స్వేదన జలంలో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టు, రుద్దకు. పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకో.

మా తీరంలో ఉప్పుగాలి అన్నిటికంటే పెద్ద శత్రువు. రాగి మీద పచ్చగా పొడిలా చిలుము మొదలైతే ఆ నాణెం వెంటనే మిగతావాటికి దూరంగా పెట్టాలి. బజార్లో దొరికే మెత్తని ప్లాస్టిక్ కవర్ల ఆల్బమ్‌లు కొనొద్దు. అవి పీవీసీవి, మన ఉక్కకి కరిగి నాణెం మీద జిగురుగా పచ్చగా అంటుకుంటుంది. మధ్యలో మైలార్ అనే పారదర్శక పొర కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు తెచ్చుకో, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. వానాకాలంలో పొట్లాలు మార్చాలి.

---

వంశధార గట్టు (శ్రీకాకుళం)

అమ్మ చెప్పింది ప్రతి ఇంటివాళ్లూ వినాలి. తోమేసిన నాణెం చేతికొచ్చినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

నిన్న ఒకరు ఫోన్ చేసి, శ్రీముఖలింగం దగ్గర పొలం దున్నుతుంటే చిన్న బంగారు బిళ్లలు దొరికాయని విన్నాం, కొనొచ్చా అని అడిగారు. అందరికీ చెప్తున్నాను, కొనొద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలు దాటిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దేశం దాటించకూడదు. కువైట్ తమ్ముడూ, నీ స్నేహితులకు బహుమతిగా పాత రూపాయలు పట్టుకెళ్లకు.

ముఖలింగమే కళింగనగరమని, తూర్పు గాంగుల రాజధాని అని పండితులు ఎక్కువమంది ఒప్పుకున్నది. ఆ రాజుల ఫణాలు అనే చిన్న బంగారు నాణేలు అర గ్రాము కూడా తూగవు. ఒకవైపు పడుకున్న నంది, నెలవంక. రెండోవైపు అంకుశం, పాలనా సంవత్సరం అంకె. ఏ బిళ్ల ఏ పొలంలో, ఎంత లోతులో, ఏ కుండలో, దేని పక్కన దొరికిందో తెలిస్తేనే చరిత్రకారుడికి ఉపయోగం. చేతులు మారి సంతకొస్తే అది ఉత్త బంగారపు ముక్క. దారి రాయాలని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

గంటస్తంభం గారి మాట కూడా తీసుకుంటున్నాను. పేజీలు దారి వారీగా. ప్రతి నాణెం కింద బరువు, కొలత, లోహం, కేటలాగ్ నంబరు. ఇంట్లోవాళ్లు చెప్పినది, నాణెం చూసి మనం తేల్చినది వేరువేరు పేరాల్లో, కలపకుండా. చెప్పినవాళ్ల పేరు వాళ్లు ఒప్పుకుంటేనే.

---

గంటస్తంభం (విజయనగరం)

అలా వేరు చేసి రాస్తానంటే నాకు అభ్యంతరం లేదు. చివర్లో దేశాల వారీగా సూచిక ఒకటి ఇవ్వండి, వెతుక్కునేవాళ్లకు ఉంటుంది. నా డచ్చి బిళ్లను నెదర్లాండ్స్ నుంచి తీసి భీమిలి రేవు కిందకు మార్చేస్తాను.

---

పాలకొండ కుర్రాడు

నేను కూడా ఒకటి రాశాను, సూడండి.

“సౌదీ నాణెం. తెల్లటి లోహం, అయస్కాంతానికి అంటుకోలేదు. ఒకవైపు ఖర్జూర చెట్టు, కింద రెండు కత్తులు. మా సిన్నాన్న అక్కడ ఒంటెల దగ్గర పనిచేసి 1986లో వచ్చాడు. వచ్చిన రోజు జేబులో మిగిలిన చిల్లర మా నాన్నకిచ్చాడు. అక్కడ దీనికి ఏటి కొనేవాడో అడిగితే రొట్టె అన్నాడు.”

విలువ దగ్గర సున్నా, దాని పక్కన చుక్క మాత్రమే ఉన్నాయి. సంవత్సరం దగ్గర గీత, తిరగేసిన మూడులాంటిది, రెండు చుక్కలు. ఏటి రాయాలో తెలీట్లేదు.

---

ఎడారి గాలి (ప్రస్తుతం కువైట్, సొంతూరు టెక్కలి దగ్గర)

చాలా బాగా రాశావు తమ్ముడూ, రొట్టె మాట అస్సలు తీసేయకు. అరబ్బీ అంకెల్లో సున్నాలా కనిపించేది అయిదు, చుక్కే సున్నా. అంటే నీది 50 హలాలాలు, అర రియాల్. గీత ఒకటి, తిరగేసిన మూడు నాలుగు, రెండు చుక్కలు రెండు సున్నాలు: ముస్లింల హిజ్రీ లెక్కలో 1400. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలుపు, 1980 వస్తుంది. మీ సిన్నాన్న వచ్చింది 1986 కాబట్టి సరిపోయింది. మిగతావి కూడా ఫోటో తీసి పెట్టు. వి ఆకారంలో ఉంటే ఏడు, దాన్ని తలకిందులు చేస్తే ఎనిమిది. సిన్నాన్నని ఏ ఊళ్లో పనిచేశాడో అడిగి అది కూడా చేర్చు.